పై కోర్టుకు పోదామంటే

పొద్దున ముసురు తెరిపిచ్చాక కంది చేనులో కలుపు సగం తీసి, చెల్లెలితో వికారాబాద్‌లో వకీలు దగ్గరికి వెళ్లాను. ఆటోలో గంజాయి చేరవేశాడని ఆమె భర్తకు పదేళ్ల శిక్ష పడింది. హైకోర్టులో అప్పీలుకు ఇంకా నాలుగు రోజులే గడువు. తీర్పు నకలును చెల్లెలు ఇన్నాళ్లూ బియ్యం డబ్బాలో దాచి, నిన్ననే నాకు చూపించింది.

వకీలు చెయ్యి చాపగానే చెల్లెలు కాగితాలు కొంగులో చుట్టుకుంది.

"అన్నా, మన నాయిన భూమి కేసుల పై కోర్టుకు పోయి, ఉన్న ఎకరం గూడ పోగొట్టుకున్నడు. గీ పదేండ్లను ఇరవై జేస్తరు. వద్దన్నా."

"మనం ఒక్కరమే అప్పీలు చేస్తే శిక్ష పెరగదమ్మా. సర్కారు గూడ వేస్తేనే ఆ మాట," అన్నాడు వకీలు.

"సర్కారు వెయ్యదని రాసిస్తరా సారూ?"

వకీలు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అప్పుడు నాయినను పై కోర్టుకు పొమ్మని పట్టుబట్టింది నేనే. ఇవాళా నేనే అంటున్నాను.

భయపడ్డ మనిషికి చట్టం ఎలా చెప్పాలో తెలిసినవాళ్లు కింద రాయండి. ముందు నాకే ధైర్యం చెప్పాలేమో.

చెల్లెలు కాగితాలతో సహా నాలుగున్నర గంటల తాండూరు బస్సుకు తన ఇంటికి వెళ్లిపోయింది.