రాజీ నోటీసుకు పసుపు

తొంభైల చివరలో నేను రాజమండ్రిలో కెమిస్ట్రీ లెక్చరర్‌ని. ఖాళీ సమయాల్లో ఒక వినియోగదారుల సంఘానికి పనిచేసేవాణ్ణి. అప్పుడు మా దగ్గరికి ఒక విత్తనాల కేసు వచ్చింది. మండపేట దగ్గరి ఒక ఊళ్లో రైతులంతా ఒకే కంపెనీ వరి విత్తనం చల్లారు. పైరు ఏపుగా పెరిగింది, వెన్ను తీసింది, గింజ మాత్రం పాలు పోసుకోలేదు. చేలో నిలిచినదంతా తాలే. నలుగురు రైతులు ఊరందరి తరఫున జిల్లా వినియోగదారుల ఫోరంలో ఫిర్యాదు వేశారు.

కొంతకాలానికి కంపెనీ రాజీకి దిగింది. అయితే ఊరందరి తరఫున నడిచే కేసులో నలుగురు సంతకాలు పెట్టినంత మాత్రాన రాజీ కుదరదు. షరతులు అందరికీ తెలియజేసి, ఫలానా రోజున వచ్చి అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఆ రోజు దాటితే ఇక ఎవరూ అడగడానికి ఉండదు.

మా ప్లీడరు గారు రాసిన నోటీసు ‘ఇందుమూలముగా’ అని మొదలై చివరిదాకా ఒకే వాక్యంగా సాగింది. దాన్ని మామూలు తెలుగులోకి మార్చే పని నాకు పడింది. ఎవరైనా అర్థమైందంటే నేను నమ్మను. ఏళ్ల తరబడి దిద్దిన పరీక్ష పేపర్లు నాకు ఆ అలవాటు చేశాయి. అందుకని నోటీసు చదివి వినిపించి, కాగితం మడిచి, విన్నది సొంత మాటల్లో చెప్పమనేవాణ్ణి. ప్లీడరు గారి నోటీసు విన్న మా కాలేజీ అటెండరు, ఆ రైతుల పొలాలు వేలం వేస్తున్నారని చెప్పి విచారపడ్డాడు. నేను ఐదోసారి తిరగరాసినది విన్న ఆటో డ్రైవరు తేదీ, చోటు, చేయవలసిన పని మూడూ సరిగ్గా చెప్పి, వెయిటింగు చార్జీ కూడా అడిగాడు.

ఒక్క వాక్యం దగ్గర పేచీ వచ్చింది. రాజీ ప్రకారం పరిహారం విత్తనం బిల్లు ఎవరి పేరున ఉంటే వారికి. మా వైపు పొలం గల ఆసామి తన విత్తనంతో పాటు కౌలుదారుల విత్తనమూ ఒకే బిల్లు మీద తెప్పిస్తాడు. నష్టపోయేది ఒకరు, బిల్లు ఇంకొకరి బీరువాలో. అందుకని, “బిల్లు మీ పేరున లేకపోయినా ఆ విత్తనం చల్లి సాగు చేసింది మీరే అయితే, వచ్చి ఆ మాట చెప్పండి” అని చేర్చాను.

“అది రాస్తే ఊరంతా వస్తారండి,” అన్నారు ప్లీడరు గారు.

“రమ్మనే కదండీ నోటీసు.”

ఆయన కళ్లజోడు తుడుచుకుని, ఫోరం వారి చేత దానికి ఆమోదముద్ర వేయించారు.

ఊళ్లో పంచడానికి వెళ్లిన మొదటి రోజున ఒక్కరూ చెయ్యి చాపలేదు. కోర్టు కాగితం పుచ్చుకోకపోతే కేసు అంటుకోదని అక్కడి నమ్మకం. ఇంటాయన కోరుకొండ వెళ్లారని వీధి అరుగు మీద నుంచి నాకు చెప్పినాయనే ఆ ఇంటాయనని తరువాత తెలిసింది.

నోటీసు అచ్చువేసిన మండపేట ప్రెస్సాయన అసలు వ్యాపారం శుభలేఖలు. నాలుగు మూలలా పసుపు రాసి ఇవ్వమనీ, అప్పుడూ పుచ్చుకోకపోతే అచ్చు ఖర్చు తనదేననీ ఆయన పందెం కాశాడు. నేను నమ్మలేదు. ఒక వీధికి పసుపుతో, పక్క వీధికి పసుపు లేకుండా పంచి చూశాను. మొదటి వీధిలో రెండు చేతులా అందుకుని, మంచినీళ్లిచ్చి, పెళ్లెవరిదని అడిగారు. పెళ్లి కాదని చెప్పి చదివి వినిపించాను. అప్పటికే పసుపు కాగితం చేతిలో పడింది గనుక తిరిగి ఇవ్వడానికి ఎవరికీ మనసొప్పలేదు. రెండో వీధిలో మళ్లీ అందరూ కోరుకొండ వెళ్లారు. రెండు వీధులను బట్టి సూత్రం కట్టరాదని నాకు తెలుసు. అయినా ఆ సాయంత్రమంతా కూర్చుని మిగిలిన కాగితాలకు పసుపు రాశాను.

చర్చి వీధిలో ఆ అవసరం లేకపోయింది. పాస్టరు గారే వెంట వచ్చారు. అక్కడ రెండెకరాలు కౌలుకు చేసుకునే ఒక వితంతువు నోటీసు సాంతం విన్నది. ఆమె బిల్లు ఆసామి పేరునే ఉంది. అడిగితే ఆయనకు కోపం వచ్చి వచ్చే ఏడు కౌలు పోవచ్చు. అడగకపోతే పోయిన పంట పోయినట్టే.  కాగితం ఉంచి వెళ్లమంది.

విచారణ నాడు ఫోరం వసారా నిండిపోయింది. పసుపు కాగితం వచ్చాక మామూలు బట్టలతో వెళ్లడం బాగుండదనుకున్నారేమో, పట్టుచీరలు కట్టుకుని కుటుంబాలతో దిగారు. ఇది ఏ తరఫు వారి పెళ్లని బంట్రోతు నన్ను అడిగాడు.

షరతులు చదివాక ఫోరం అధ్యక్షులు, అభ్యంతరం ఎవరికైనా ఉందా అన్నారు.  చర్చి వీధి వితంతువు లేచింది. ఆసామి ఆమెకు రెండు బల్లల ముందే కూర్చుని ఉన్నాడు.

“బిల్లు ఉందా అమ్మా?” అని అడిగారు అధ్యక్షులు.

“బిల్లు ఆయనదండి. తాలు నాదండి.”

అధ్యక్షులు ఆసామి వైపు తిరిగారు. ఆయన కాసేపు ఫ్యాను వైపు చూశాడు.

“నిజమేనండి. ఆ రెండెకరాలూ ఆవిడే చేసింది.”

ఆ తరువాత ఒక్కొక్కరే కౌలుదారులు లేచారు. బిల్లు ఉన్నవారికి అన్న చోట సాగు చేసినవారికి అని మారిస్తే తప్ప రాజీకి అనుమతి ఇవ్వనన్నారు అధ్యక్షులు. కంపెనీ ప్లీడరు బయటికి వెళ్లి ఫోను చేసి వచ్చి, సరేనన్నారు.

ఆమెను రప్పించింది నా వాక్యమేనని అనుకోవడం నాకు ఇష్టంగానే ఉంది. అందుకే తేల్చుకుందామని వసారాలో ఆమెను ఆపి, నోటీసు అర్థమైందా అని అడిగాను.

“నాకు చదువు రాదండి. మీరు చదివారనుకోండి, కానీ మీరు రాసింది మీరే చదివితే ఎలా నమ్మేదండీ? ఇంకో ఇద్దరి చేత చదివించాను.”

“ఎవరి చేత?”

“ఒకరు పాస్టరు గారండి.” వసారా చివర చెప్పులు వేసుకుంటున్న ఆసామి వైపు చూసి గొంతు తగ్గించింది. “రెండోసారి ఆయన చేతే చదివించానండి. ఆ బిల్లు మాట దగ్గరకొచ్చి ఆగిపోయారు. వినపడలేదు, ఇంకోసారి చదవండి బాబూ అన్నాను.”