పెళ్ళిచూపులకి రెండు టైర్లు

ఆ రోజుల్లో మనిషి ఎలాంటివాడో వాడి కారు చూస్తే తెలిసిపోతుందని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. (ఇప్పుడు నమ్మనని కాదు. ఇప్పుడు నా కారు చూసి ఎవరూ ఏమీ అనుకోరు, అంతే తేడా.) ఎనభైల మొదట్లో డెట్రాయిట్ పక్కన కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో ఉద్యోగం దొరికింది. మావాళ్ళంతా ఉద్యోగం రాగానే బుద్ధిగా ఓ పాత నాలుగు తలుపుల కారు కొనుక్కునేవాళ్ళు. నేను మాత్రం ఎర్రటి రెండు తలుపుల బండి కొన్నాను. పొడుగాటి బానెట్టు, దాని కింద ఎనిమిది సిలిండర్ల ఇంజను, జానెడు వెడల్పు టైర్లు, ఆ టైర్ల పక్కన తెల్లటి పెద్ద అక్షరాలు. వెనక సీటు పేరుకే ఉండేది. అందులో కూర్చున్నవాళ్ళకి మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. నా రూమ్మేటుది తణుకు కావడంతో ఆ ఊరి పేరే వాడికి స్థిరపడిపోయింది. ఆ సీట్లో ఒకసారి కూర్చుని దిగాక, "ఇది కారు కాదురా, నీకు పట్టిన పిచ్చి" అన్నాడు తణుకు. నేను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

వేసవంతా ఆ బండి రాజాలా తిరిగింది. నవంబరులో మొదటి మంచు పడింది. మేముండే నోవై ఊళ్ళో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోంచి బండి బయటికి తీద్దామని యాక్సిలరేటర్ తొక్కితే, ఇంజను ఊరంతా వినబడేలా అరిచింది, వెనక చక్రాలు గిర్రున తిరిగాయి, బండి మాత్రం ఉన్నచోటే ఉంది. ఇంకా గట్టిగా తొక్కాను. అప్పుడు కదిలింది, కానీ పక్కకి. ఎదురింటి ముసలావిడ తన పాత డొక్కు కారులో నా ముందునుంచే మెల్లగా వెళ్ళిపోతూ చెయ్యి ఊపింది. ఆ చెయ్యి ఊపడంలో జాలి ఉందని తణుకు ఇప్పటికీ అంటాడు.

మామూలుగా అయితే ఆ చలికాలం తణుకు కారులో వెనకెక్కి తిరిగేసేవాణ్ణే. కానీ ఆ నెలలోనే నా పెళ్ళిచూపులు నిశ్చయమయ్యాయి. అమ్మాయి ఫార్మసీ చదువుతూ అక్కా బావల దగ్గర ఉండేది. అందరూ తలో వంటకం తెచ్చే దీపావళి పాట్‌లక్‌లో నేను ఆమెను ఒకసారి చూశాను. పులిహోర వడ్డిస్తూ, నా ప్లేటు వంగిపోతుంటే, "రెండు చేతులతో పట్టుకోండి" అంది. అంతే. ఆ రాత్రినుంచి నాకు వేరే సంబంధాల మీద ఆసక్తి పోయింది. నిజం చెప్పాలంటే ఆ అమ్మాయి కాదంటే ఏమైపోతానో అని భయం కూడా పట్టుకుంది.

చిక్కల్లా బావగారితో వచ్చింది. ఆయన ఒక టైర్ల కంపెనీ ల్యాబులో రబ్బరు మీద పరిశోధన చేసేవారు. తెలుగువాళ్ళమంతా చాటుగా 'రబ్బరు బావగారు' అనేవాళ్ళం. ఇంతకు ముందు వచ్చిన ఒక పెళ్ళికొడుకు కారు చక్రాల్లో గాలి తక్కువుందని ఆయన కాఫీతోనే సాగనంపేశారని వదంతి. "గాలి విషయం కూడా చూసుకోనివాడు పెళ్ళాన్నేం చూసుకుంటాడు" అన్నారట. అంటే నా జీవితం మొత్తం నాలుగు టైర్ల మీద ఆధారపడిందన్నమాట.

ఆఫీసులో మా సూపర్‌వైజరుని సలహా అడిగితే, స్నో టైర్లు వేయించు, వెనక బరువు కోసం డిక్కీలో ఇసుక బస్తాలు పెట్టు అన్నాడు. టైర్ల షాపుకి వెళ్ళి చాలాసేపు ఆలోచించాను. మంచుకి పనికొచ్చే టైర్లు సన్నగా, గరుగ్గా, పొలం పనికి వెళ్ళేవాటిలా ఉన్నాయి. తెల్లక్షరాలు లేవు. బండిని తోసేవి వెనక చక్రాలేగా అనుకుని వెనకకి రెండు మాత్రం వేయించాను. ముందు చక్రాలకి మాత్రం నా వెడల్పాటి వేసవి టైర్లే ఉంచాను. ఇందులో ఇంజనీరింగ్ కొంత ఉన్నా, అసలు కారణం వేరు. అమ్మాయి కిటికీలోంచి చూస్తే బండి ముందు భాగమే కదా కనబడేది.

ఇసుక సంగతి చెబితే తణుకు ఒప్పుకోలేదు. "ఇసక కొంటావేంట్రా? గోదారి పక్కన పుట్టినోణ్ణి, నా ముందర ఇసక కొన్నానని అనకు. బరువే కదా కావాల్సింది, బియ్యం ఎయ్యి. చలికాలం అయిపోయాక వండుకు తినొచ్చు." నాకది గొప్ప ఆలోచనలా తోచింది. ఇండియన్ షాపులో పెద్ద బియ్యం బస్తాలు కొని డిక్కీ నింపాం. షాపాయన "ఫంక్షనా బాబూ?" అని అడిగాడు. "అలాంటిదేనండీ" అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం సూటూ బూటూ వేసుకుని బయల్దేరాను. బండి ఎంత బుద్ధిగా నడిచిందో చెప్పలేను. ఎత్తులు ఎక్కింది, ఎర్ర లైటు పచ్చబడగానే కదిలింది. ఎదురింటి ముసలావిడ కనబడితే బాగుండునని కూడా అనుకున్నాను. బావగారి వీధి కొంచెం పల్లంలో ఉంది. చివర ఇల్లు వాళ్ళది. పెద్ద కిటికీలో మూడు తలకాయలు కనబడ్డాయి. నేను ఠీవిగా స్టీరింగ్ తిప్పాను. చక్రాలు తిరిగాయి గానీ బండి తిరగలేదు. బ్రేకు తొక్కాను. బ్రేకుకీ బండికీ ఏ సంబంధమూ లేనట్టు, అది అదే వేగంతో, తొందరేమీ లేకుండా, నేరుగా వెళ్ళి బావగారు పొద్దుట్నుంచీ పారతో ఎత్తి పోసిన మంచు కుప్పలోకి బానెట్టు దాకా దూరింది. పక్కనున్న వాళ్ళింటి పోస్టు డబ్బా మెల్లగా నా వైపు వంగింది. డిక్కీలో ఏదో చిరిగిన చప్పుడయింది.

బావగారు కోటు వేసుకుని బయటికి వచ్చారు. నేను నమస్కారం పెట్టాను. ఆయన నన్ను చూడలేదు. ముందు చక్రం దగ్గర కూర్చుని, మంచు తుడిచి, టైరుని బొటనవేలితో నొక్కి చూశారు. తర్వాత వెనక్కి వెళ్ళి అదీ నొక్కారు. (నాడి చూసే డాక్టరుగారి ముందు నిలబడ్డట్టు నిలబడ్డాను.)

"వెనకవి బాగున్నాయి. ముందువి సమ్మర్ టైర్లు కదా అబ్బాయ్?"

"అవునండీ."

"చలికి ఈ రబ్బరు చెక్కలా బిగుసుకుపోతుంది. ఎందుకుంచావు?"

అబద్ధం ఏదైనా తడుతుందేమోనని చూశాను. తట్టలేదు. "చూడ్డానికి బాగుంటాయనండీ" అన్నాను.

ఆయన వెనక అమ్మాయి నిలబడి ఉంది. పట్టుచీర మీద లావుపాటి కోటు, కాళ్ళకి మంచు బూట్లు. "ముందు చక్రాలకి చలెయ్యదా?" అంది, నన్ను కాదు, బావగార్ని. ఆయన మీసం కింద ఏదో కదిలింది గానీ నవ్వో కాదో చెప్పడం కష్టం.

"పార వెంట తెచ్చుకున్నావా?" అంటూ బావగారు డిక్కీ తెరిచారు. చిరిగిన బస్తాలోంచి బియ్యం జలజలా ఆయన బూట్ల మీదకి జారాయి. గుమ్మంలోంచి వాళ్ళక్కగారు శాలువా కప్పుకుని వచ్చి తొంగి చూశారు. "ఇదేంటి బాబూ, మా ఇంట్లో బియ్యం లేవనుకున్నావా? సొంత బియ్యం తెచ్చుకున్న పెళ్ళికొడుకుని నేనెక్కడా చూళ్ళేదు." నేను వివరించబోయాను. బరువు, వెనక చక్రాలు, పట్టు, తణుకు, గోదావరి. ఎంత వివరిస్తే అంత పాడైంది.

బండి వెనక్కి తీద్దామంటే చక్రాల కింద మంచు నున్నగా గాజులా అయిపోయింది. గరాజ్‌లో చక్రాల కింద చల్లడానికి ఇసుక అయిపోయిందన్నారు బావగారు. ఈలోగా అమ్మాయి చిరిగిన బస్తాలోంచి రెండు దోసిళ్ళ బియ్యం తీసి వెనక ఎడమ చక్రం దగ్గర చల్లింది. "అయ్యో, బియ్యాన్ని చక్రాల కిందేస్తావుటే" అని వాళ్ళక్క నాలుగు గింజలు తీసి కళ్ళకద్దుకున్నారు. "తర్వాత పక్షులు తింటాయిలే అక్కా, ముందు బండి రానీ" అంది ఈవిడ. నేనూ ఊరుకోలేక దోసిలి పట్టి కుడి చక్రం దగ్గర పోశాను. ఆమె చల్లింది, నేను చల్లాను. మళ్ళీ ఆమె, మళ్ళీ నేను. వాళ్ళక్కగారు మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఏవండీ, వీళ్ళు తలంబ్రాలు కూడా పోసేసుకుంటున్నారు. కాఫీ అయినా తాగనివ్వండి" అన్నారు. అమ్మాయి చేతులు దులుపుకుని మొహం తిప్పేసుకుంది. నా చెవులు చలికి ఎర్రబడ్డాయని తర్వాత అందరికీ చెప్పాను.

"కీస్ ఇవ్వండి" అందామె. ఇచ్చాను. కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఎక్కి కూర్చుని, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టీ పెట్టనట్టు పెట్టి, నేనూ బావగారూ ముందునుంచి తోస్తుంటే, నా ఎనిమిది సిలిండర్ల బండిని పిల్లిలా వెనక్కి తీసింది. అది అంత మెల్లగా కూడా నడవగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

లోపల కాఫీలయ్యాక బావగారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. మంచులో వెడల్పాటి టైరు పైపైన తేలుతుందట, సన్నది కోసుకుని కిందికి దిగుతుందట. వెనకవి తోస్తాయి సరే, తిప్పేదీ ఆపేదీ ఎక్కువగా ముందువేనట. నాకు సగమే వినబడింది. నా ధ్యాసంతా ఆ కాఫీ సాగనంపే కాఫీయా కాదా అన్నదాని మీదే ఉంది. చివరికి ఉండబట్టలేక, "కారు అమ్మేస్తానండీ" అన్నాను.

"ఎందుకు? మంచి కారు" అన్నారాయన. "బాగుంటాయని ఉంచానని నిజం చెప్పావు చూడు, అది నాకు నచ్చింది. మిగతాది అమ్మాయి ఇష్టం."

అమ్మాయి కప్పులు తీస్తూ, "వచ్చే ఆదివారం నాలుగూ వేయించుకుని రమ్మనండి బావా" అంది.

వేయించాను. ఆ బండికి ఆ సన్నటి టైర్లు పహిల్వానుకి చిన్నపిల్లల చెప్పులు తొడిగినట్టున్నాయి. తణుకు పొట్ట పట్టుకుని నవ్వాడు. కానీ ఆ తర్వాతి ఆదివారం బావగారి ఇంటిముందు, సరిచేసిన పోస్టు డబ్బా పక్కన, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాను. కిటికీలోంచి ఆయన కాఫీ కప్పు పైకెత్తి చూపించారు. నా పెళ్ళి ఆ క్షణంలోనే అయిందని నా అభిప్రాయం.

పిల్ల పుట్టాక ఆ బండి వెళ్ళిపోయింది. చాలా ఏళ్ళ తర్వాత బావగారూ వెళ్ళిపోయారు. ఏటా మొదటి మంచు పడగానే ఫోన్ చేసి, "మార్చావా?" అని ఒక్క మాట అడిగేవారు. ఆ ఫోన్ రాని మొదటి ఏడు నాకు చాలా బెంగగా అనిపించింది.

పోయిన చలికాలం మా అమ్మాయి ఒక కుర్రాణ్ణి ఇంటికి పిలిచింది. మంచు పెద్దగా పడని ప్లేనోలో పుట్టి పెరిగి, ఉద్యోగానికి ఈ మధ్యే ఇటు వచ్చాడట. చప్పుడు లేకుండా దూసుకుపోయే కొత్తరకం ఎలక్ట్రిక్ కారులో వచ్చి, దిగి, "హాయ్ అంకుల్" అని చెయ్యి చాచాడు. ఆ చెయ్యి నాకు కనబడలేదు. ఎందుకంటే అప్పటికే నేను ముందు చక్రం దగ్గర మంచులో కూర్చుని, బొటనవేలితో టైరు నొక్కుతున్నాను.

"అంకుల్, ఏమైనా పడిపోయిందా? నేను వెతకనా?" అన్నాడు పాపం.

గుమ్మంలోంచి మా ఆవిడ గొంతు వినబడింది. "నాలుగూ ఉన్నాయా?"

"ఉన్నాయి" అన్నాను. నాలుగూ మంచు టైర్లే, గాలి కూడా సరిగ్గా ఉంది. కుర్రాడు బుద్ధిమంతుడని సంతోషించాను. ఇక బియ్యం అవసరం రాదు కదా అని ఎందుకో కొంచెం దిగులేసింది కూడా. లేవబోతే మోకాళ్ళు సహకరించలేదు. ఆ చాచిన చెయ్యే పట్టుకుని లేచాను.