ఇద్దరి వైద్యం

మావారు నందిగామలో పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని తిప్పుతారు. దాని పేరు రాణి. మొన్న మాఘమాసంలో దాని ముందుకాలు వాచింది. పశువుల డాక్టరుగారు నొప్పికి ఇంజెక్షన్ చేసి, "నడిచినా నయమైనట్టు కాదమ్మా. ఎవర్నీ ఎక్కించొద్దు" అన్నారు. మావారికి నమ్మకం చాలక నాటువైద్యుణ్ణి పిలిచారు. ఆయన ఆముదం, పసుపు పట్టించి కట్టు కట్టి, "వాపు దిగేదాకా మనిషిని ఎక్కించమాకండి" అన్నాడు.

మర్నాడు పెనుగంచిప్రోలులో పెళ్లి. ఇంజెక్షన్‌తో కుంటు తగ్గింది. కట్టు కనపడకుండా మావారు జరీగుడ్డ చుట్టారు. వద్దన్నాను.

"ఇద్దరి వైద్యం చేయించా కదే! ఇంకేంటి నీ గోల?"

ఊరేగింపులో నా కళ్లముందే రాణి కూలిపోయింది. డీజే మోతలోనూ ఎముక విరిగిన చప్పుడు వినపడింది. అందరూ పెళ్లికొడుకు షేర్వాణీకి అంటిన మట్టి దులుపుతున్నారు. "దాన్ని పక్కకి లాగండయ్యా, ముహూర్తం దాటిపోద్ది!" అని ఎవరో అరిచారు. విరిగిన కాలు పట్టుకునే లాగారు.

చివరికి డాక్టరుగారే వచ్చి, ఇక ఎప్పటికీ ఏ నొప్పీ తెలియకుండా ఇంజెక్షన్ చేశారు.

ఇద్దరి మందులూ వాడాం. ఇద్దరూ చెప్పిన ఒకే ఒక్క మాట వినలేదు.

ఇప్పుడు కొట్టంలో కొత్త గుర్రముంది. దాని పేరూ రాణే. కొట్టం ముందు ఫ్లెక్సీ మీద పేరు మార్చే పనుండదని మావారే పెట్టారు.