ఎమ్మిగనూరు అద్దకపు గంగాళంలో ఫెర్రోసీన్

అనంతపురం నుంచి ఆదోని వెళ్ళదలచినవారు పొద్దున ఐదు నలభై బండినే ఎక్కాలి. తర్వాతి బండికి పోదాంలే అని పడుకున్నారా, గుంతకల్లులో బొంబాయి వైపు పాసింజరు దొరకదు. పగలంతా ఆ జంక్షనులో ఈగలు తోలుకుంటూ కూర్చోవాలి. నేను నాలుగింటికే లేచాను. అసలు నిద్రపోలేదంటే నిజం చెప్పినట్టు.

నా భయమంతా చొక్కా జేబులో ఒక పొట్లంగా ఉంది. అందులో అర తులం ఫెర్రోసీన్. ఇనుమూ, కర్బనమూ, ఉదజనీ కలిసిన ఈ పదార్థాన్ని ఈ మధ్యనే కనిపెట్టారు. కాలేజీలో డిమాన్‌స్ట్రేటరు ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు ముక్కు పగిలే కంపు భరిస్తూ, నాలుగు నెలలకు దాన్ని తయారుచేశాను. నారింజ రంగులో మెరవాల్సింది నా చేతిలో బెల్లపు మడ్డిలా తేలింది. శుద్ధి చేద్దామని ఒకసారి నేరుగా వేడిచేస్తే సగం మాడిపోయింది, సగం పొగై పోయింది. మిగిలినదాన్ని మళ్ళీ వేడిచేసే సాహసం చేయలేదు.

మద్రాసులో నాకు పాఠం చెప్పిన ప్రొఫెసరుగారు ఒక నూనె మిల్లు పనిమీద ఆదోని వస్తున్నారు. "శుక్రవారం పొద్దున వచ్చి మధ్యాహ్నం వరకు ఉంటాను. శుద్ధమైన స్ఫటికాలు చూపిస్తే పరిశోధనకు చేర్చుకుంటాను. బురద తేవద్దు" అని కార్డు రాశారు. నేను తీసుకుపోతున్నది సరిగ్గా బురదే. ఆ సంగతి నాకు తెలుసు, అయినా బయలుదేరాను.

గురువారం పన్నెండున్నరకు ఆదోనిలో దిగాను. స్టేషను బయట దూది బేళ్ళ బళ్ళు దారంతా అడ్డంగా ఉన్నాయి. ఎండ నెత్తిని మాడుస్తోంది. హోటల్లో భోజనం బాగుంది. చారు మరీ బాగుంది. రాత్రికి ఎమ్మిగనూరులో మా అక్క ఇంట్లో ఉండి, పొద్దున్నే తిరిగి రావాలని నా ఆలోచన. రెండు గంటల బస్సుకు టిక్కెట్టు పన్నెండు అణాలు. కిటికీ పక్క సీటు దొరికిందని సంతోషిస్తే దుమ్మంతా నా మొహానికే వచ్చింది.

ఉరుకుంద ఈరన్నస్వామి గుడి నుంచి తిరిగి వస్తున్న ఒక అవ్వ నా పక్కన కూర్చుంది. కాసేపు గాలి పీల్చి, "అప్పా, నువ్వు గూడా ఈరన్న కాడికి పోయొచ్చినావా? కర్పూరం వాసన వస్తాంది" అంది.

"లేదవ్వా, ఇది ఇనుము సంబంధం. దీని వాసనే అంత" అన్నాను.

"ఇనుముకు కర్పూరం వాసనా? ముసలిదాన్నని ఎగతాళి సేస్తాండావా?"

నాకు రోషం వచ్చింది. ఇసుర్రాయిలో రెండు రాళ్ళు, నడుమ ఇనుప మేకు ఉన్నట్టే, ఇందులో అయిదేసి కర్బనాల చక్రాలు రెండు, వాటి నడుమ ఒక్క ఇనుము పరమాణువు ఉంటాయని, పై చక్రం తిరుగుతుందని కూడా చెప్పాను. అవ్వ శ్రద్ధగా విని, "బాగుండాది. మరి పిండి యాడ పడుతుంది?" అంది. మిగతా దారంతా నేను పొలాలు చూస్తూ కూర్చున్నాను.

మూడున్నరకు ఎమ్మిగనూరు చేరాను. వీధి పొడుగునా నేతవాళ్ళ నూలు పడుగులు సాచి ఉన్నాయి. వంగి, తప్పుకుని నడవాలి. మా బావ రంగప్ప నూలుకు రంగులు వేస్తాడు. అతని చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉంటాయి. ఆ రోజు నీలం. నాగమ్మక్క జొన్నరొట్టె, ఉల్లికారం పెట్టింది. ప్రయాణపు బడలికకు కడుపునిండా తిని, చెమటకు తడుస్తుందని పొట్లం తీసి గోడ గూట్లో పెట్టి, ఎనిమిదికల్లా పడుకున్నాను.

ఆ గూటి సంగతి నాకెవరూ చెప్పలేదు. రంగుల కంపెనీ ఏజెంట్లు వస్తే మచ్చుకు తెచ్చిన పొట్లాన్ని ఆ గూట్లోనే పెట్టి పోతారు. మర్నాడు పొద్దున ఒక చిలపకు, అంటే నూలు కట్టకు, ఆ రంగు వేసి చూడటం అద్దకపువాళ్ళ మర్యాద.

శుక్రవారం ఏడు గంటలకు స్నానం చేసి వచ్చేసరికి గూడు ఖాళీ.

"అక్కా, పొట్లమేది?"

"మీ బావ ఎత్తుకపోయినాడు. బామ్మర్ది రంగు తెచ్చినాడని ఒకటే సంబరం."

పెరట్లోకి పరుగెత్తాను. పొయ్యి మీద రాగి గంగాళం కుతకుతలాడుతోంది. దానిమీద ఇత్తడి తాంబాళం మూత, తాంబాళం నిండా చన్నీళ్ళు. బావ నన్ను చూసి, "ఇదేం రంగు అప్పా! అరగంటాయ, నూలుకు మడ్డి పట్టింది గానీ, రంగు ఈసమెత్తు ఎక్కలా. సోడా గూడా ఏసినా, ఊహూ" అన్నాడు.

అక్కడే కూలబడి, "అది రంగు కాదు బావా, నా నాలుగు నెలల కష్టం" అన్నాను. ఏడుపు ఆపుకోవాలని కూడా అనిపించలేదు. బావ మొహం పాలిపోయింది.

"ఒక్క మాట సెప్పకూడదా అప్పా," అంటూ గబగబా తాంబాళంలో నీళ్ళు పక్క బిందెలోకి వంచాడు. అంత కంగారులోనూ చుక్క పారబోయలేదు. తాంబాళం తిప్పి నేల మీద పెట్టాడు.

దాని అడుగున నారింజ రంగు స్ఫటికాలు! సన్నటి రేకులు, ఎండలో తళతళలాడుతూ ఇత్తడికి అతుక్కుని ఉన్నాయి.

ఫెర్రోసీన్ నీటి ఆవిరితో కలిసి పైకి లేస్తుందని, సోడాకూ మరిగే నీళ్ళకూ లొంగదని పుస్తకంలో పదిసార్లు చదివాను. ఉన్న కాస్తా పోతుందేమోనన్న భయంతో ఆ పని చేయలేదు. ఇప్పుడు అది ఆవిరితో లేచి, చల్లటి తాంబాళం తగిలి అక్కడే పేరుకుంది. మడ్డి అంతా నూలుకు పట్టి, చిలప మురికి గోధుమ రంగుకు తిరిగింది. నేను బావను కౌగిలించుకుని గంతులేశాను. నాగమ్మక్క గడపలో నిలబడి, "పొద్దున్నే ఏమొచ్చిందిరా మీకు!" అని కసిరింది.

తాటాకు ముక్కతో గీకి, ఆరబెట్టి, గాజు గొట్టంలోకి ఎత్తాను. కొంత తగ్గింది, తగ్గితే తగ్గింది. తొమ్మిదిన్నర బస్సుకు బావ కూడా ఎక్కాడు. "తప్పు నాది. మీ సామికి నేనే సెప్తా" అని పట్టుబట్టాడు.

పదకొండున్నరకు మిల్లు ప్రయోగశాలలో ప్రొఫెసరుగారు గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూశారు. రెండు రేకులు నూరి, సన్నటి గాజునాళంలో పెట్టి మూసి, వేరుశెనగ నూనెలో థర్మామీటరు పక్కన దించారు. శుద్ధమైనదైతే నూట డెబ్బై మూడు డిగ్రీల దగ్గరే కరగాలి. నూనె వేడెక్కుతోంది. నూట యాభై. నా మడ్డి ఇక్కడే మెత్తబడేది, ఇది కదల్లేదు. నూట డెబ్బై. నూట డెబ్బై మూడు దగ్గర ఒక్కసారిగా కరిగి చుక్కయింది.

"పుస్తకంలో ఉన్నట్టే ఉందే! ఎలా శుద్ధి చేశావు?" అన్నారాయన.

సొంత తెలివని చెప్పుకోవాలని నాలుక చివరిదాకా వచ్చింది. గుమ్మం దగ్గర నీలం చేతులు కట్టుకుని నిలబడ్డ బావ కనిపించాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను.

ప్రొఫెసరుగారు కుర్చీ లాగి బావను కూర్చోబెట్టారు. "మూత మీద చన్నీళ్ళు పోయాలని నీకెవరు చెప్పారయ్యా?"

"ఎవురు సెప్పల్ల సామీ? మాకు నీళ్ళు కరువు. ఆవిరి పోతే మళ్ళా యాడ తెచ్చేది? తాంబాళం సల్లగుంటే తిరిగి గంగాళంలోనే పడుతుంది."

ఆయన పకపకా నవ్వి నా వైపు తిరిగి, "జూన్‌లో వచ్చి చేరు. వచ్చేటప్పుడు ఆ గంగాళం బొమ్మ కొలతలతో సహా గీసుకురా" అన్నారు.

మూడు గంటల బండికి బావ స్టేషనుకు వచ్చాడు. గోధుమ రంగు చిలప కిటికీలోంచి నా ఒళ్ళో పడేసి, "నీ సదువుకు పనికొచ్చింది గానీ, రంగుకు మాత్రం పనికిరాదప్పా" అన్నాడు. బండి కదిలాక ఆ చిలపను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కర్పూరం వాసన. గుంతకల్లు దాకా ఎదుటివాళ్ళు చూస్తున్నా నవ్వు ఆగలేదు.

ఎమ్మిగనూరు వెళ్ళేవారికి నా సలహా ఒకటే. అద్దకపువాళ్ళ ఇంట్లో దిగితే గోడ గూట్లో ఏమీ పెట్టకండి. నాలాంటి పిరికివాళ్ళయితే మాత్రం తప్పకుండా పెట్టండి.