మొసలి నోరు, ఏనుగు కాలు, రేసు కారు

మా మోటారు షెడ్డులో పెన్సిల్ బాబాయ్‌కి ఒకే ఒక్క జబ్బు. వచ్చిన కారుకి ఏ రోగమో చీటీ మీద రాయమంటే రాయడు, బొమ్మ వేస్తాడు. అదైనా బుద్ధిగా కారు బొమ్మా? కాదు. కారు గలాయన్ని నాలుగు జంతువులతో కలిపి కుట్టేసి, రేసు కారులో కూర్చోబెడతాడు. బానెట్టు చీల్చుకుని ఇంజను పైకి పొంగి ఉంటుంది, గొట్టాలు మంటలు కక్కుతుంటాయి. తోసుకుంటూ తెచ్చిన డొక్కు కారుకైనా అదే వైభోగం.

నేను దేశదిమ్మరిని. ఆ షెడ్డులో విడిభాగాల గది తాళాలు మోసిన రెండేళ్ళకి ముందూ వెనకా చాలా శిథిలాలు తిరిగాను. మనిషి తల ఎద్దులు, రెక్కల సింహాలు, గద్దముక్కు గుర్రాలు చూశాను, వాటి గురించి లావుపాటి పుస్తకాలూ చదివాను. వాటిలో ఒక్కదానికీ గేరు మార్చడం రాదు. బాబాయ్ మృగాలు టాప్ గేరు దిగేవి కావు. సరే, దారి తప్పాను.

ఒకరోజు పళ్ళ డాక్టరొకాయన తన చీటీ చూసుకున్నాడు.

"ఎవరయ్యా ఇది?"

"మీరేనండీ," అన్నాడు బాబాయ్ మర్యాదగా.

"నాకు ఏనుగు కాలేమిటయ్యా?"

"ఎడమదొక్కటేనండీ. క్లచ్ మీంచి తియ్యరు కదా. కుడిది కోడికాలు, బ్రేకుని గెలుకుతూనే ఉంటుంది."

"మరి మొసలి నోరు?"

"హారను అరిగిపోయిందండీ, నొక్కీ నొక్కీ."

"ఈ కొమ్ములు?"

"అవి ఊరికే. ముఖానికి నప్పుతాయని."

మా పెద్ద మేస్త్రి ఆ బొమ్మని ఓరగా చూసి, "క్లచ్ ప్లేటు, బ్రేకు ప్యాడ్లు, హారను తియ్యి," అన్నాడు నాతో. సాయంత్రానికి కారు పెళ్ళికొడుకులా తయారైంది. డాక్టరు మాత్రం చల్లారలేదు. షెడ్డు ఓనరుగారి బల్లమీద గుద్ది, "మా ఇంట్లో మూడు కార్లున్నాయి. ఒక్కటీ ఇక ఈ గుమ్మం తొక్కదు!" అని వెళ్ళిపోయాడు.

ఓనరు బాబాయ్‌ని పిలిచాడు. "బాబాయ్, రేపట్నుంచి అక్షరాలు. ఒక్క కొమ్ము కనబడిందా, నువ్వు ఇంటికే."

"వారం గడువివ్వు బాబూ."

"అక్షరాలకి గడువేమిటి? రాదా నీకు?"

"వచ్చు," అన్నాడు బాబాయ్ నీరసంగా.

మర్నాడు ఓనరు బల్ల పక్కనే కాపలా నిలబడ్డాడు. మొదటి కారుకి బాబాయ్ చీటీ రాశాడు. మేస్త్రి దాన్ని చాలాసేపు చూశాడు. "ఆ, సరే," అని తలూపి కారు కిందకి దూరాడు. ఏదో చెప్పబోయిన బాబాయ్‌ని ఓనరు దగ్గి ఆపాడు.

మధ్యాహ్నానికి ఇంజను నేలమీదుంది, ముక్కలు ముక్కలుగా, గోనెపట్టా మీద.

"మేస్త్రిగారూ! ఇంజను దింపమని ఎవరు చెప్పారు?" అని అరిచాడు ఓనరు.

మేస్త్రి అప్పటికే తుడిచిన చేతుల్నే మళ్ళీ గుడ్డతో తుడుచుకుంటున్నాడు.

బాబాయ్ మధ్యలో దూరాడు. "తప్పు నాది బాబూ. నా రాత చీమలు పాకినట్టుంటుంది. పాపం, ఆయనకి అర్థం కాలేదు. ఇంటికి పొమ్మంటే పోతాను."

ఓనరు చీటీ అందుకున్నాడు. భుజం మీంచి నేనూ తొంగి చూశాను. 'వైపరు కదలడం లేదు.' ప్రతి అక్షరం అచ్చు గుద్దినట్టు గుండ్రంగా ఉంది. పలకలమీద పెట్టి పిల్లల చేత దిద్దించవచ్చు.

అప్పుడు వెలిగింది నాకు. మేస్త్రికి చదవడం రాదు. ఇరవయ్యేళ్ళుగా ఆ సంగతి ఎవరికీ తెలియకుండా, ఊరందరి చేతా పిచ్చివాడనిపించుకుంటూ, బాబాయ్ మొసళ్ళనీ ఏనుగుల్నీ కార్లెక్కించాడు.

ఓనరు చీటీ వంక చూశాడు. తనకి స్పానరు పట్టడం నేర్పిన మేస్త్రి వంక చూశాడు. చీటీ నలిపి జేబులో కుక్కాడు.

"నిజమే బాబాయ్. ఇంత దరిద్రపు రాత నేనెక్కడా చూళ్ళేదు. జన్మలో మళ్ళీ అక్షరం జోలికి పోకు. డాక్టరుగారి కాళ్ళో గడ్డమో నేను పట్టుకుంటాను."

బాబాయ్ అప్పటికే గీస్తున్నాడు. రేసు కారు, మంటలు, స్టీరింగు దగ్గర కళ్ళార్పని చేప ఒకటి.

మేస్త్రి ఓరగా చూశాడు.

"ఓస్, వైపరా తమ్ముడూ!" అని స్క్రూడ్రైవరు అందుకున్నాడు.