గ్లిన్ కుడి చెయ్యి

గ్లిన్ హార్డ్‌కాసిల్ పగలు బార్న్‌స్లీ కబేలాలో కత్తి పట్టేవాడు, సాయంత్రాలు మా బ్యాండులో డ్రమ్ములు వాయించేవాడు. రెండు పనులకీ అవే చేతులు. ఎద్దు వెన్నెముకను మూడు దెబ్బల్లో నిలువునా చీల్చేవాడు. నాలుగో దెబ్బ వెయ్యాల్సి వస్తే ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. డ్రమ్ముల దగ్గరా అంతే.

1981లో మాలాంటి కొత్త బ్యాండ్ల మీద జనం పాట నచ్చకపోతే ఉమ్మేవారు, నచ్చినా ఉమ్మేవారు. రాథర్‌హామ్‌లో గుండు గీయించుకున్న రౌడీ కుర్రాళ్ల గుంపొకటి వేదికెక్కి నా బేస్ గిటారు మెడ విరిచింది. గ్లిన్ వాళ్లలో ఒకడి దవడ పగలగొట్టాడు. ఆ దెబ్బకే గ్లిన్ కుడిచేతి వేలి కణుపూ పగిలింది. మరుసటి వారం ఉండాల్సిన మా మొదటి రికార్డింగ్ అలా పోయింది. కట్టు విప్పిన రోజున గ్లిన్ మాతో ఒకే మాట అన్నాడు.

"రికార్డు అయ్యేదాకా ఈ చెయ్యి పిడికిలి బిగించదు. నన్ను చంపుతున్నా సరే."

ఆరు నెలలు ఆ మాట మీదే ఉన్నాడు. డాంకాస్టర్‌లో ఇద్దరు బూట్లతో తంతుంటే చేతులు చంకల్లో దాచుకుని ముడుచుకుని పడుకున్నాడు. పక్కటెముక విరిగింది. పక్కటెముకతో ఎవడూ డ్రమ్ములు వాయించడు కదా అని నవ్వాడు.

మళ్లీ స్టూడియో దొరికింది. మాంచెస్టర్‌లో, ఒక మంగళవారం, ఆ ఒక్క రోజే. దానికి ముందు ఆదివారం మధ్యాహ్నం గ్లిన్ సొంతూరి కార్మికుల క్లబ్బులో వాయించడానికి ఒప్పుకున్నాం. గని కార్మికులు, వాళ్ల ఆడవాళ్లు, బీరు, మధ్యలో హౌసీ, అంటే పిలిచిన నంబర్లని చీటీ మీద కొట్టేసే పందెం ఆట. అక్కడ ఎంత గొప్ప బ్యాండైనా హౌసీ తర్వాతే. నంబర్లు పిలుస్తుంటే దగ్గొచ్చినవాడు బయటికెళ్లి దగ్గుతాడు.

మా గాయకుడు జూలియన్ హారోగేట్‌లో డాక్టరు గారబ్బాయి. అతనికి ఇవేవీ తెలియవు. వాయించే ముందు గిటారు మోత పెంచే ఆంప్ పది నిమిషాలు వేడెక్కాలని నేనే వందసార్లు చెప్పి ఉన్నాను. వేదిక మీదున్నది ఒక్కటే ప్లగ్ పాయింటు. ఆట నడుస్తుండగా జూలియన్ అందులోని ప్లగ్గు పీకేసి ఆంప్‌ది పెట్టాడు. నంబర్ల బంతుల్ని గాలితో ఎగరేసే పెట్టె ఆగిపోయింది. బంతులన్నీ ఒక్కసారిగా అడుక్కి రాలాయి. క్లబ్బు కార్యదర్శి తల పట్టుకుని, ఆట చెల్లదు, మళ్లీ మొదటినుంచి ఆడాలన్నాడు.

ముందు బల్ల దగ్గర ఎడ్నా అనే పెద్దావిడ పెన్సిలు ఎత్తినది ఎత్తినట్టే పట్టుకుని ఉంది.

"నలభై ఏడు," అంది. "నాకిక నలభై ఏడొక్కటే కావాలి. ఎవడ్రా అది పీకింది?"

జూలియన్ చెయ్యెత్తాడు. "నేనేనండీ. పోన్లెండి, ఆటే కదా."

ఎడ్నా కొడుకు డెరెక్ లేచాడు. గ్లిన్‌తో బడిలో చదివినవాడు, ఇప్పుడు గనిలో పని. జూలియన్ జుట్టు పట్టుకుని కిందికి లాగి, మొహాన్ని బల్ల అంచుకేసి కొట్టాడు. ముక్కు విరిగిన చప్పుడు నాకు వేదిక మీదికి వినిపించింది. అడ్డు వెళ్లిన నా వీపు మీద కుర్చీ విరిగింది. నేను మైకు స్టాండుతో ఒకడి పళ్లు రాలగొట్టాను. ముసలాళ్లు తమ బీరు గ్లాసుల్ని జాగ్రత్తగా పక్కకి జరుపుకున్నారు.

గ్లిన్ చేతులు వెనక్కి పెట్టుకుని మధ్యలోకి వెళ్లాడు.

"వదిలెయ్ రా డెరెక్. తెలీక చేశాడు."

"నీ చేతుల సంగతి ఊరందరికీ తెలుసులే. గాజు బొమ్మవి. ఏదీ, కొట్టు చూద్దాం."

డెరెక్ అతన్ని చెంప మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. మూడోసారి చెయ్యెత్తినప్పుడు గ్లిన్ నుదుటితో అతని మొహం మీద గుద్దాడు. డెరెక్ కిందపడి లేచేసరికి చేతిలో పగిలిన గ్లాసు ఉంది. అతను గ్లిన్ వైపు రాలేదు, నేల మీదున్న జూలియన్ గొంతు వైపు వంగాడు. గ్లిన్ కుడి చెయ్యి అడ్డుపెట్టాడు. పిడికిలి కాదు, చాచిన అరచెయ్యి. గాజు ఇటు దిగి అటు తేలింది.

అప్పుడు ఆగారు అందరూ. ఎడ్నాయే తన తలగుడ్డ విప్పి ఆ చేతికి చుట్టింది.

"గట్టిగా కట్టు ఆంటీ," అన్నాడు గ్లిన్. "మంగళవారం పనుంది."

ఆసుపత్రిలో పదకొండు కుట్లు వేశారు. రెండు వేళ్లకు స్పర్శ పోయింది. సోమవారం మేం సాధన చేసే షెడ్డులో డ్రమ్ము పుల్లకి సైకిలు ట్యూబు ముక్క చుట్టి, టేపుతో అతని చేతికి బిగించాను. అది చాలదని గ్లిన్‌కి తెలుసు. పాట మొత్తం మళ్లీ కూర్చుకున్నాడు. కుడి చెయ్యి చేరలేని ప్రతి దెబ్బనీ తీసేశాడు. డ్రమ్ముల పక్కనుండే ఇత్తడి తాళాలు మోగించడం మానేశాడు. మిగిలినదాన్ని ఎడమ చేతికీ కాళ్లకీ పంచాడు.

మంగళవారం మూడోసారి వాయించేటప్పటికే కట్టు ఎర్రబడింది. ప్రతి దెబ్బకీ డ్రమ్ము తోలు మీది నెత్తురు అతని మొహాన చిందుతోంది. రికార్డు చేసే ఆయన బాగా వచ్చింది, ఇక చాలన్నాడు. వాచిన ముక్కుతో పాడుతున్న జూలియన్ కూడా అద్భుతమన్నాడు.

"రెండో చరణంలో నేను తొందరపడ్డాను," అన్నాడు గ్లిన్. "మళ్లీ."

ఇంకో నాలుగుసార్లు వాయించాడు. ఆ ఏడోదే రికార్డులో ఉంది. అది అయ్యాక అతని చేతికున్న టేపు కోద్దామని నేను కత్తి తీసుకెళ్తే, చెయ్యి పుల్ల చుట్టూ పిడికిలిలా బిగుసుకుపోయి ఉంది. తెరవబోతే రావడం లేదు. నేను ఒక్కో వేలినీ విడదీస్తుంటే, అతను నన్ను మాట్లాడొద్దని సైగ చేసి, స్పీకర్లో మళ్లీ వేస్తున్న రెండో చరణం వింటున్నాడు.