చిన్నత్త పెంచిన పచ్చాకు

పోయిన వారం మా మనుమడు ఇంటెనుక గుంత తవ్వి, దాంట్ల నీలం పట్టా పరిచి, నీళ్లు నింపి, పశువుల డాక్టరమ్మను పిలుచుకొచ్చిండు. ఆమె కవర్ల నుంచి దోసెడు పచ్చటి ఆకు తీసి నీళ్ల మీద చల్లి, "ఇది అజొల్లా అవ్వా, నీళ్ల మీద పెరుగుతది. బర్రెలకు, కోళ్లకు మంచి దాణా. కొత్త పద్ధతి" అని నా చెవు కాడ గట్టిగ చెప్పింది. నాకు చెవుడని మనుమడు ముందే చెప్పినట్టున్నడు. నిజానికి నాకు మంచిగనే ఇనపడ్తది. ఇంట్లోల్ల మాటలన్నీ ఇనాల్సిన పని లేదని నేనే ఆ చెవుడు పెట్టుకున్న. కాని ఆమె చేతిల ఉన్నదాన్ని చూసినంక కొంచెంసేపు నాకు నిజంగనే ఏమీ ఇనపడలేదు. గోరు కన్నా చిన్న ఆకు, కింద వెంట్రుకలసొంటి వేర్లు. దాన్ని చూడక అరవై ఏండ్లు దాటింది. "ఎప్పుడన్న చూసినవా అవ్వా?" అని డాక్టరమ్మ అడిగింది. లేదన్న. ఈ వయసుల గూడ నా నోట్లకెళ్లి ముందుగాల అబద్ధమే వచ్చింది.

నాకు పెండ్లయి కట్టంగూరు పక్కనున్న అత్తగారి ఊరికి వచ్చేనాటికి పదిహేనేండ్లు. అప్పటికింక నిజాం రాజ్యమే. ఇంట్ల అత్త, మామ, నా పెనిమిటి, ఒక చిన్నత్త. చిన్నత్త అంటే మా మామ తమ్ముని భార్య. పెండ్లయిన రెండో ఏడే మొగడు పోయిండు, పిల్లలు లేరు. తల్లిగారిల్లు షాద్‌నగర్ దిక్కు. అయినా ఇక్కడనే ఉండిపోయి, ఉన్న ఒక్క బర్రెను, పది పన్నెండు కోళ్లను సాకుకుంట కాలం గడిపేది. మనుషులతోని తక్కువ, కోళ్లతోని ఎక్కువ మాట్లాడేది. మెడ ఎత్తి నడిచే ఒక పుంజును "ఏం పటేలా, తిన్నవా?" అని పలకరించేది. ఊరి పటేలు మా వాకిట్లకు వచ్చిననాడు మాత్రం ఆ పుంజుకు పేరు లేకుండె.

నేను వచ్చిన రెండో ఏడు వానలు సరిగ పడలేదు. జొన్న మోకాలెత్తుకు వచ్చి ఎండింది. ఉన్న చొప్ప చలికాలంలనే అయిపోయింది. పసరాల డొక్కలు లోపలికి పోయినయ్, ఊర్లె సగం ఇండ్లల్ల పాలు బందైనయ్. మా మోటబావి పక్కన, నీళ్లు జారి నిలిచే చిన్న మడుగుల, ఈతచెట్టు నీడకు ఈ ఆకు తేలుకుంట ఉండేది. చిన్నత్త దాన్ని ఎన్ని దినాల సంది కనిపెట్టి చూసిందో, ఒకనాడు కొట్టం పక్కన జానెడు లోతు గుంత తవ్వి, రేగడిమట్టి మెత్తి, నీళ్లు పోసి, ఇంత పెండ కలిపి, దోసెడు ఆకు తెచ్చి ఇడిసింది. పది దినాలకు నీళ్లు కనపడకుండ పరుచుకున్నది. రోజూ గంపతోని దేవి, పెండ వాసన పోయేదాంక మూడు నీళ్లల్ల కడిగి, ఇంత తవుడు కలిపి బర్రె ముందర పెట్టేది. మొదలు బర్రె మూతి తిప్పుకున్నది. చిన్నత్త దాని పక్కనే కూసోని, మొండి పిల్లకు బువ్వ తినిపించినట్టు పిడికెడు పిడికెడు పెట్టింది. నెల తిరిగేసరికి మా ఇంట్ల పాలు మళ్ల గిన్నె నిండినయ్. కోడిగుడ్డు కొడితే లోపల సొన బంతిపువ్వు లెక్క ఉండేది.

ఊరోళ్లు దాన్ని పాచి అన్నరు. చిన్నత్త ఒప్పుకోకపోయేది. "పాచికి ఏర్లుంటయా? సూడుండ్రి, గిది ఆకు" అని అరచేతిల పెట్టి చూపించేది. చూసేటోళ్లు చూసి నవ్వేటోళ్లు. బావికాడ ఆడోళ్లు నన్ను "మీ బర్రె పాచి తింటదట గద, మీరేం తింటరు?" అని అడిగేటోళ్లు. నాకు తల కొట్టేసినట్టయ్యేది. ఆ పాలు తాగుకుంటనే, ఆ గుడ్లు తినుకుంటనే, ఆ గుంతను చూసి సిగ్గుపడ్డ. ఎందుకు సిగ్గుపడాల్నో దానికి సిగ్గుపడటానికి నాకు ఇంక శానా ఏండ్లు పట్టింది.

ఎండకాలం మొదట్ల మోత్కూరు నుంచి మా అన్న వస్తున్నడని కబురొచ్చింది. మా అన్నకు ఒకరింట్ల అడుగు పెట్టంగనే గడ్డివాము ఎంతెత్తున్నదో చూసే అలవాటు. ఆ పొద్దు నేను చిన్నత్త దగ్గరికి పోయి, "అన్న పోయేదాంక గా గంప లోపల పెట్టరాదు చిన్నత్తా" అన్న. "ఆకలైన నోటికి పెడ్తున్న బిడ్డా. దీంట్ల దాచుకునేదేమున్నది?" అని, చుట్టానికి పానకం కలపాలె గద అని బెల్లం తెచ్చేటందుకు కోమటింటికి పోయింది. అత్త వంటకాడ ఉన్నది. నేను గంపల ఆకును పెంటకుప్ప మీద పోసి పైన బూడిద కప్పిన. బర్రె ముందర ఏదన్న పచ్చగడ్డి కనపడితే బాగుంటదనిపించింది. అంతకు వారం ముందు ఒక చిన్న జల్లు పడి, ఇంటెనుక చెల్కల ఎండిన జొన్న మోళ్లకు పిలకలు లేసినయ్. ఆ లేత పిలకలు పసరాలకు విషమని నాకు తెల్వక కాదు. తెల్సు. మా నాయిన చిన్నప్పుడే చెప్పిండు. కొన్ని తింటే ఏమైతది అనుకున్న. కొడవలి తీస్కపోయి ఒడి నిండ కోసుకొచ్చి వేసిన.

అన్న బండి దిగి కాళ్లు కడుక్కునేసరికి బర్రె వణుకుతున్నది. మంచం మీద కూసునేసరికి కూలబడ్డది. నోట్లె నురుగు, ఊపిరి ఎగబీలుస్తున్నది. మామ చెల్కల నుంచి ఉరికొచ్చి, ముందుగాల అడిగిన మాట అదే. "పిలకలు తిన్నదా? ఎవలన్న కట్టు ఇప్పిండ్రా?"

"లేదు మామా. రోజూ పెట్టే ఆకే తిన్నది" అన్న నేను.

"పాచి పెడితే బతుకుతదా మామా?" అన్నడు మా అన్న.

అంతల చిన్నత్త వచ్చింది. బెల్లం పొట్లం కింద పెట్టి బర్రె తల ఒడిల పెట్టుకున్నది. కొంగుతోని నురుగు తుడిచింది. పండ్ల సందుల ఇరుక్కున్న జొన్నాకు పీలిక ఒకటి ఆమె చేతికొచ్చింది. దాన్ని చూసింది, నన్ను చూసింది. కొంగుల మడిచి నడుముకు చెక్కుకున్నది. బర్రె అక్కడనే పోయింది. అత్త నోటికొచ్చినట్టు తిట్టింది, ముండమోసిందని కూడ అన్నది. చిన్నత్త నడుముకు చెక్కిన కొంగు ఇప్పలేదు. ఆ పొద్దే మామ పారతోని గుంత పూడ్చిండు. నాలుగో నాడు ఆమె తమ్ముడు వచ్చి తోల్కపోయిండు. పోయేముందు నాతోని, "కోళ్లకు నీళ్లు పెట్టుడు మరువకు" అన్నది. అంతే.

నిజాం రాజ్యం పోయినంక రెండేండ్లకు, పాలమూరు దిక్కు పెండ్లికి పోతూ నేను, నా పెనిమిటి షాద్‌నగర్ల దిగి చిన్నత్తను చూడపోయినం. తమ్మునింట్ల ఒక మూలకు ఉన్నది, చిక్కిపోయింది. నా పెనిమిటి బయట మాట్లాడుకుంట కూసున్నప్పుడు, నేను ఆమె కాళ్లు పట్టుకొని ఉన్నదున్నట్టు చెప్పిన. ఆమె నన్ను లేపింది. కోపం లేదు, ఓదార్పు గూడ లేదు.

"నాకెందుకు చెప్తున్నవ్ బిడ్డా? నాకు తెల్వదా? ఆళ్లకు చెప్పు."

చెప్త అన్న. తిరుగు రైలుల నా పెనిమిటి పక్కన కూసోని రెండుసార్లు నోరు తెరిచిన. "ఏంది?" అన్నడు. "దూపైతాంది" అన్న. తెచ్చి ఇచ్చిన నీళ్లు తాగిన. ఇంక మూడేండ్లకు చిన్నత్త పోయిందని కబురొచ్చింది. "బర్రెను పొట్టన పెట్టుకున్నదాని సావుకు ఎవరు పోతరు?" అన్నది అత్త. ఎవరం పోలేదు. నేను పొయ్యికాడ కూసోని పొగ వంకతోని ఏడ్చిన. అటెంక మామ పోయిండు, అత్త పోయింది, అన్న పోయిండు. మంచి మనిషి నా పెనిమిటి గూడ, చిన్నత్త తెలివి తక్కువతోనే బర్రె సచ్చిందని నమ్ముకుంటనే కండ్లు మూసిండు.

ఇయ్యాల ఈ మాట ఎవరికి చెప్పినా, పోనీలే అవ్వా ఎప్పటి ముచ్చటనో అంటరు. ఎప్పటిదో అయ్యేదాంక నేను ఆగిన. కోపం చేసే హక్కున్నోళ్లందరినీ తీస్కపోయి, మాఫ్ చేసేటోళ్లను మాత్రమే కాలం నాకు మిగిల్చింది.